కాన్ఫరెన్స్ పోస్టర్: పవర్‌పాయింట్ నుంచి ఫ్లెక్స్ షాపు దాకా

సెమినార్లు మొదలయ్యాయంటే నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే మాదిరిగా ఉంటాయి. "సార్, పోస్టర్ ప్రెజెంటేషన్‌కి సెలెక్ట్ అయ్యాను. పవర్‌పాయింట్‌లో చేసుకోవచ్చా? శ్రీకాకుళంలోనే ప్రింట్ అవుతుందా, వైజాగ్ వెళ్లాలా?" పోస్టర్ ప్రెజెంటేషన్ అంటే మీ పరిశోధనను ఒకే పెద్ద షీటు మీద పెట్టి, పక్కన నిలబడి వివరించడం. పవర్‌పాయింట్‌లో చేసుకోవచ్చు, ఇక్కడే ప్రింట్ అవుతుంది కూడా. విజయనగరంలోనూ అంతే.

ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. మన ఊళ్లలో ఫ్లెక్స్ షాపులకు రోజూ వచ్చే పని పుట్టినరోజు శుభాకాంక్షలు, షాపు ఓపెనింగులు, ఉత్సవాల బ్యానర్లు. రోడ్డు మీద పోయేవాళ్లు ఇరవై అడుగుల దూరం నుంచి వాటిని చూస్తారు. మీ పోస్టర్‌ను నాలుగు అడుగుల దూరంలో నిలబడి చదువుతారు. మెషీన్ అదే, ఆపరేటర్ అతనే, కానీ పని వేరు. ఆ తేడాను మీరు ఫైల్‌లో చూపించాలి, షాపులో నోరు తెరిచి చెప్పాలి. కింద రాసినవన్నీ అందుకోసమే.

## 1. కంప్యూటర్ ముట్టుకోకముందు

నిర్వాహకులు పంపిన మెయిల్‌ను మళ్లీ ఒకసారి చదవండి. అందులో లేనివి ఫోన్ చేసి అడగండి. ఈ వివరాలు కాగితం మీద రాసుకున్నాకే డిజైన్ మొదలుపెట్టాలి:

- పోస్టర్ సైజు ఎంత? బోర్డు సైజు ఎంత? (రెండూ ఒకటి కావు. బోర్డు 4×6 అడుగులని చెప్పారంటే పోస్టర్ అంత ఉండాలని కాదు.)
- నిలువా, అడ్డమా?
- బోర్డుకు పిన్నులు గుచ్చనిస్తారా, టేపు మాత్రమేనా?
- ఫ్లెక్స్ ఒప్పుకుంటారా? కొన్ని చోట్ల ప్లాస్టిక్ వద్దని, గుడ్డ మీదో కాగితం మీదో ప్రింట్ చేయించుకురమ్మంటారు.
- తెలుగులో పెట్టవచ్చా, ఇంగ్లిష్ తప్పనిసరా?

తర్వాత ఒక ఫోల్డర్ తెరిచి కావాల్సినవన్నీ అందులో వేయండి. ఫోన్ నుంచి నేరుగా తీసిన అసలు ఫోటోలు, ఎక్సెల్ ఫైలు, కాలేజీ లోగో, మీ గైడ్ తన పేరు ఎలా రాసుకుంటారో అక్షరం పొల్లు పోకుండా. వైద్య విద్యార్థులైతే ఎథిక్స్ కమిటీ అనుమతి వివరాలు కూడా. ఉద్దానం కిడ్నీ రోగుల మీద పని చేసినవాళ్లు కొందరు రోగుల ముఖాలు కనిపించే ఫోటోలు తెస్తుంటారు. రాతపూర్వకమైన అనుమతి లేకపోతే ఆ ఫోటో పోస్టర్ మీదకు రాకూడదు.

రోజులు వెనక నుంచి లెక్కపెట్టుకోండి. సదస్సుకు మూడు రోజుల ముందు ప్రింట్ మీ చేతిలో ఉండాలి. విజయనగరంలో సిరిమానోత్సవం వారం, శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమి వారం, వినాయక చవితి ముందు రోజులు షాపుల్లో బ్యానర్ల పని తెమలదు. ఆ వారాల్లో మీ తేదీ పడితే ఇంకో మూడు రోజులు ముందుకు జరపండి.

## 2. సైజు: మొట్టమొదట, ఖాళీ స్లైడ్ మీదే

పవర్‌పాయింట్‌లో డిజైన్ ట్యాబ్, స్లైడ్ సైజ్, కస్టమ్ స్లైడ్ సైజ్. వెడల్పు, ఎత్తు అక్కడ టైప్ చేయండి.

- ఏ0 నిలువు: 84.1 × 118.9 సెంటీమీటర్లు
- ఏ1 నిలువు: 59.4 × 84.1 సెంటీమీటర్లు
- 3×4 అడుగులు: 36 × 48 అంగుళాలు

మామూలు స్లైడ్‌లో పనంతా చేసి, ఆఖర్న సైజు మార్చేవాళ్లే ఎక్కువ. అలా మారిస్తే బొమ్మలు పక్కకు జరుగుతాయి, అక్షరాలు పెట్టెల్లోంచి బయటకు వస్తాయి, రెండు రోజుల పని మళ్లీ మొదటికొస్తుంది.

పవర్‌పాయింట్ స్లైడ్ ఒక పక్కకు 56 అంగుళాలు దాటదు. ఏ0కి, 3×4కి ఇబ్బంది లేదు. 4×6 అడుగులు కావాలంటే సగం సైజులో, అంటే 24 × 36 అంగుళాల్లో చేసి, షాపులో 200 శాతానికి ప్రింట్ చేయమనాలి. అప్పుడు కింద నేను చెప్పే అక్షరాల సైజులు కూడా సగం చేసుకోవాలి.

ఇంకొకటి. ఏ0, 3×4 ఒకటే అనుకోకండి. ఏ0 అంటే సుమారు 2.76 × 3.9 అడుగులు. షాపులో "ఆ, మూడు బై నాలుగే కదా" అని సాగదీసి ప్రింట్ చేస్తే గుండ్రటి 'పై' చార్టులు కోడిగుడ్లవుతాయి. మీకు రెండూ చెల్లుతాయంటే 3×4కే చేయండి. షాపు లెక్క అడుగుల్లోనే నడుస్తుంది కాబట్టి గందరగోళం ఉండదు.

## 3. ఎంత రాయాలి, ఎక్కడ పెట్టాలి

మొత్తం 400 మాటలు దాటకుండా చూసుకోండి. థీసిస్‌లోని పేరాలు కాపీ చేసి అతికిస్తే పోస్టర్ కాదు. గోడకు తగిలించిన థీసిస్ అవుతుంది.

శీర్షిక దగ్గర ఎక్కువ సేపు కూర్చోండి. పొందూరు ఖాదీ మీద పోస్టర్ అనుకుందాం. "శ్రీకాకుళం జిల్లా పొందూరు ప్రాంతంలో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రపరిచే సంప్రదాయ విధానంపై ఒక సమగ్ర పరిశీలన" అని పెడితే చదివేవాడు సగంలోనే పక్క పోస్టర్ వైపు జరుగుతాడు. "వాలుగ చేప దవడతో పత్తి దువ్వితే నూలు ఎంత సన్నగా వస్తుంది?" అని పెట్టండి. ప్రశ్న అర్థమైంది కాబట్టి జవాబు కోసం ఆగుతాడు. జవాబు కూడా శీర్షిక కిందే ఒక్క వాక్యంలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

నిలువు పోస్టర్‌కు రెండు నిలువు వరసలు (కాలమ్‌లు), అడ్డ పోస్టర్‌కు మూడు. 36 అంగుళాల వెడల్పులో రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం వదిలి, మధ్యలో ఒక అంగుళం ఖాళీ ఉంచితే ఒక్కో వరసకు 16 అంగుళాలు వస్తుంది. ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే గైడ్ గీతలు కనిపిస్తాయి. వాటిని ఈ కొలతలకు జరుపుకుని పెట్టెలన్నీ వాటికి ఆనించండి. కంటితో చూసి సర్దితే ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది, నాలుగు అడుగుల ప్రింట్‌లో వంకర పట్టిస్తుంది.

ముఖ్యమైన గ్రాఫు పై సగంలో ఉండాలి, నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా. కింది అడుగులో రిఫరెన్సులు, కృతజ్ఞతలు పెట్టండి. అక్కడికి వంగి చదివేవాళ్లు తక్కువ. క్యూఆర్ కోడ్ కూడా కింద పెట్టకండి. 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, చుట్టూ తెల్ల ఖాళీతో, ఛాతీ ఎత్తులో ఉంటే ఫోన్ చాపగానే అందుతుంది.

## 4. అక్షరాలు

ఏ0కి, 3×4కి నేను వాడే సైజులు ఇవి:

- శీర్షిక: 90 నుంచి 110 పాయింట్లు
- పేర్లు, కాలేజీ: 44 నుంచి 50
- ఉపశీర్షికలు: 50 నుంచి 56
- అసలు విషయం: 30 నుంచి 34
- బొమ్మల కింద రాత, గ్రాఫులో అంకెలు: 24. ఇంతకంటే కిందికి దిగవద్దు.

తెలుగులో పెట్టేవాళ్లు ఇంగ్లిష్ కంటే రెండు పాయింట్లు పెంచుకోండి. మన అక్షరాల్లో తలకట్లు పైన, ఒత్తులు కింద ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ కావాలి. లైన్ స్పేసింగ్‌లో 'మల్టిపుల్' ఎంచుకుని 1.2 పెట్టండి. 'ఎగ్జాక్ట్‌లీ' పెడితే పై వరసలోని ఒత్తు కింది వరసలోని గుడి మీద కూర్చుంటుంది.

ఫాంట్ తప్పకుండా యూనికోడ్‌దే ఉండాలి. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో టైప్ చేయించుకున్న మ్యాటర్ పవర్‌పాయింట్‌లో వేరే ఫాంట్‌కు మారిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఫాంట్ మార్చినంత మాత్రాన సరికాదు, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దుకోవాలి, లేదా మళ్లీ టైప్ చేయాలి. విషయానికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ శుభ్రంగా ఉంటాయి. శీర్షికకు రామభద్ర నిండుగా ఉంటుంది. గిడుగు పేరు మీద కూడా ఒక ఫాంట్ ఉంది, ఉచితమే. మన పర్వతాలపేటలో పుట్టిన మనిషి పేరు కదా, శీర్షికకు ఒకసారి పెట్టి చూడండి.

అందరూ పడే గుంత ఒకటుంది. స్లైడ్ లేఅవుట్‌తో పాటు వచ్చే పెట్టెల్లో మాటలు ఎక్కువైతే పవర్‌పాయింట్ చెప్పాపెట్టకుండా అక్షరాలు చిన్నవి చేసేస్తుంది. మీరు 32 అనుకున్నది 23 అయిపోతుంది, స్క్రీన్ మీద తెలియదు. ప్రతి పెట్టె మీద రైట్ క్లిక్, ఫార్మాట్ షేప్, టెక్స్ట్ ఆప్షన్స్, టెక్స్ట్ బాక్స్. అక్కడ 'డు నాట్ ఆటోఫిట్' ఎంచుకోండి. మాటలు పెట్టె దాటితే మాటలు తగ్గించండి, అక్షరం తగ్గించవద్దు.

## 5. ఫోటోలు, గ్రాఫులు

ఫోటో పెట్టకముందే ఒక సెట్టింగ్ మార్చాలి. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, అందులో 'ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ' దగ్గర 'డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్' టిక్ పెట్టండి. లేకపోతే సేవ్ చేసినప్పుడు పవర్‌పాయింట్ ఫోటోను కుదించే ప్రమాదం ఉంది.

ఫోటో సరిపోతుందో లేదో చిన్న భాగహారంతో తేలిపోతుంది. ఫోటో వెడల్పు ఎన్ని పిక్సెళ్లో చూసి, పోస్టర్ మీద అది ఎన్ని అంగుళాలు ఉంటుందో దానితో భాగించండి. ఫోన్ తీసిన 4,000 పిక్సెళ్ల ఫోటోను 16 అంగుళాల్లో పెడితే 250 వస్తుంది, చాలా బాగుంటుంది. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుని 1,600 పిక్సెళ్లకు తగ్గితే 100 వస్తుంది, అంచు మీద ఉన్నట్టు. 1,366 పిక్సెళ్ల స్క్రీన్‌షాట్ అయితే 85, మసక మసకగా వస్తుంది. 150 దాటితే నిశ్చింత. 100 కంటే తక్కువైతే ఫోటో చిన్నది చేయండి, లేదా మళ్లీ తీయండి. స్నేహితుల దగ్గర నుంచి ఫోటోలు తెప్పించుకునేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి.

మూలలు పట్టుకునే లాగండి. పక్క గీత పట్టుకుని లాగితే మనుషులు సాగిపోతారు.

గ్రాఫును ఎక్సెల్ నుంచి చార్టుగానే అతికించండి, స్క్రీన్‌షాట్ వద్దు. చార్టుగా ఉంటే ఎంత పెద్దది చేసినా గీత పదునుగా ఉంటుంది. అతికించాక మూడు పనులు చేయాలి. అంకెలు 24 పాయింట్లకు పెంచడం, గీతల మందం 5 పాయింట్లకు పెంచడం, పక్కన రంగుల పట్టీ తీసేసి ప్రతి గీత చివర దాని పేరు రాయడం. వెనక అడ్డగీతలు తీసేస్తే ఇంకా శుభ్రంగా ఉంటుంది.

## 6. రంగులు

తెల్ల నేల మీద నల్ల అక్షరాలు. ఉపశీర్షికలకు ఒక ముదురు రంగు, గ్రాఫులకు ఇంకొకటి రెండు. అంతకంటే అక్కర్లేదు. ముదురు నీలం నేల పెడితే ప్రింట్‌లో అడ్డ చారలు బయటపడతాయి, అదే తెల్లనేల మీద కనపడవు. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ, వంగపండు నీలం ప్రింటర్ ఇంకులో అంత మెరవవు, మట్టికొట్టుకుపోయినట్టు వస్తాయి. నీడలు, పారదర్శకమైన పెట్టెలు వాడకండి. షాపు సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు అవి తెల్ల డబ్బాలుగా మారుతుంటాయి.

## 7. ఏ4 పరీక్ష

షాపుకు వెళ్లేముందు ఇది తప్పనిసరి. జిరాక్స్ షాపులో ఐదు నిమిషాల పని.

ఏ0 పోస్టర్‌ను ఏ4 కాగితం మీద 'ఫిట్' పెట్టి ప్రింట్ తీస్తే పొడవు, వెడల్పు నాలుగో వంతు అవుతాయి. ఆ కాగితాన్ని ఒక అడుగు దూరంలో పట్టుకుని చదవడం, అసలు పోస్టర్‌ను నాలుగు అడుగుల దూరం నుంచి చదవడం ఒకటే. చదవలేకపోతే సదస్సులోనూ చదవలేరు. 3×4 పోస్టర్‌కు కూడా సుమారుగా ఇదే లెక్క. మీ ఇంట్లో నలభై దాటినవాళ్లకు ఇచ్చి చదవమనండి. పోస్టర్ చూడటానికి వచ్చే ప్రొఫెసర్ల వయసు అదే.

రెండో కాగితం అసలు సైజులో తీయండి. అడోబీ రీడర్ ప్రింట్ పేజీలో 'పోస్టర్' అని ఉంటుంది, టైల్ స్కేల్ 100 శాతం. పోస్టర్ మొత్తం ఏ4 ముక్కలుగా వస్తుంది. అన్నీ అక్కర్లేదు, గ్రాఫు ఉన్న ముక్క ఒకటి, ఫోటో ఉన్న ముక్క ఒకటి చాలు.

## 8. పీడీఎఫ్ చేయడం

నా మొదటి పోస్టర్ సంగతి ఇక్కడ చెప్పాలి. రాత్రి తొమ్మిదింటికి ఆమదాలవలసలో రైలు. సాయంత్రం ఏడింటికి ఊళ్లో ఒక షాపులో పెన్‌డ్రైవ్ ఇచ్చాను, అందులో పవర్‌పాయింట్ ఫైలు ఒక్కటే ఉంది. వాళ్ల కంప్యూటర్‌లో నేను వాడిన ఫాంట్ లేదు. 'రాష్ట్రం'లో ఒత్తులు విడిపోయి వరసగా నిలబడ్డాయి. రెండు వరసల శీర్షిక మూడు వరసలై మా గైడ్ పేరు మీద పడింది. సరిచేసే టైం లేక అలాగే ప్రింట్ తీసుకుని రైలెక్కాను. రెండు రోజులు ఆ పోస్టర్ పక్కనే నిలబడ్డాను. అప్పటి నుంచి ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట పీడీఎఫ్.

ఫైల్, సేవ్ యాజ్, పీడీఎఫ్. అక్కడ 'స్టాండర్డ్' ఉంచండి, 'మినిమమ్ సైజ్' ఎంచుకోవద్దు. అయ్యాక ఆ పీడీఎఫ్‌ను రీడర్‌లో తెరిచి కంట్రోల్, డి నొక్కండి:

- పేజ్ సైజ్ 36 × 48 అంగుళాలు (లేదా మీ సైజు) అనే ఉందా?
- ఫాంట్స్ ట్యాబ్‌లో ప్రతి ఫాంట్ పక్కన 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అని ఉందా?
- 100 శాతం జూమ్‌లో క్ష, ష్ట్ర, స్త్రీ లాంటి అక్షరాలు సరిగ్గా ఉన్నాయా?
- ఇదే ఫైలు మీ ఫోన్‌లో కూడా అలాగే కనిపిస్తోందా?

పీడీఎఫ్ చేయకముందు ఇంకో చిన్న పని. పోస్టర్ కింది మూలలో సరిగ్గా 10 సెంటీమీటర్ల నల్ల గీత ఒకటి, దాని పక్కన చిన్న గుండ్రం ఒకటి గీయండి. ప్రింట్ వచ్చాక టేపుతో గీత కొలవండి, గుండ్రం చూడండి. గీత 10 ఉండి, గుండ్రం గుండ్రంగానే ఉంటే సాగదీయలేదని అర్థం. సైజు గురించి షాపులో వాదించుకునే పని ఉండదు.

పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్, పవర్‌పాయింట్ ఫైలు, ఫాంట్ ఫైళ్లు మూడూ ఉంచండి. మెయిల్‌లోనూ ఒక కాపీ ఉండాలి.

## 9. షాపులో

షాపుకు ఉదయం వెళ్లండి. సాయంత్రం రద్దీ, ఆపరేటర్‌కు మీ మాట వినే తీరిక ఉండదు. మాటలు దాదాపు ఇలా నడుస్తాయి:

"సైజెంత సార్?"

"36 బై 48 అంగుళాలు తమ్ముడూ. నిలువు."

"అంటే మూడు నాలుగులు. నార్మల్ ఫ్లెక్సేనా?"

ఇక్కడ తలూపేయకండి. నార్మల్ ఫ్లెక్స్ మీద 24 పాయింట్ల అక్షరం అంచులు చెదురుతాయి. అడగాల్సింది ఇది: చిన్న అక్షరాలు కూడా పదునుగా వేసే ఎకో సాల్వెంట్ మెషీన్ ఉందా? దాని మీద వినైల్ (వెనక జిగురుండే పల్చటి ప్లాస్టిక్ షీటు) గానీ స్టార్ ఫ్లెక్స్ (మేలు రకం ఫ్లెక్స్) గానీ వేస్తారా? నా ఓటు వినైల్ మీద మ్యాట్ లామినేషన్‌కు. గ్లాసీ వేస్తే హాల్లో ట్యూబ్‌లైట్ పోస్టర్ మీద మెరిసి గ్రాఫు కనపడదు. సన్‌బోర్డ్‌కు, అంటే తేలికైన గట్టి ఫోమ్ అట్టకు, అంటించి ఇస్తామంటారు. చూడటానికి బాగుంటుంది గానీ బస్సులో, రైల్లో తీసుకెళ్లలేరు. లోకల్ సదస్సు అయితేనే సన్‌బోర్డ్.

ఆపరేటర్‌కు చెప్పాల్సినవి:

- పీడీఎఫ్‌ను ఫోటోషాప్‌లో తెరిస్తే రిజల్యూషన్ 150 పెట్టాలి.
- కోరెల్‌డ్రాలో తెరిస్తే టెక్స్ట్‌ను 'కర్వ్స్'గా (అక్షరాలను గీతల బొమ్మలుగా) తీసుకోవాలి. 'టెక్స్ట్'గా తీసుకుంటే తెలుగు విరిగిపోతుంది.
- ఎక్కడా సాగదీయకూడదు, రంగులు పెంచకూడదు.
- పాస్ (ప్రింట్ హెడ్ ఒకే చోట ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క) ఎక్కువ పెట్టాలి, నెమ్మదిగా వచ్చినా ఫర్వాలేదు.
- అంచుల్లో బ్యానర్లకు కొట్టే తాడు రింగులు కొట్టొద్దు.

తర్వాత ఒక అడుగు బై ఒక అడుగు ముక్క టెస్ట్ ప్రింట్ అడగండి. పోస్టర్ మొత్తం 12 చదరపు అడుగులు, ఈ ముక్క ఒక్కటే అడుగు, అంటే పన్నెండో వంతు ఖర్చు. చిన్న అక్షరాలు, సన్న గీత, ఒక ముఖం మూడూ వచ్చే చోటు ఎంచుకోండి. ఆ ముక్కను షాపు బయట ఎండ వెలుతురులోకి తీసుకెళ్లి చూడండి. ఒత్తుల లోపలి ఖాళీ పూడుకుపోయిందా? అడ్డంగా సన్నటి చారలున్నాయా? ముఖం ఎర్రబడిందా? చారలుంటే హెడ్ క్లీన్ చేయమని మర్యాదగా అడగండి, వాళ్లకు తెలిసిన పనే. అంతా బాగుంటేనే మొత్తం వేయించండి.

## 10. ప్రింట్ చేతికొచ్చాక తప్పు కనపడితే

ఒక అంకె తప్పు పడింది. మొత్తం మళ్లీ వేయించకండి. ఆ గడి ఒక్కటే అదే వినైల్ మీద స్టిక్కర్‌గా వేయించి, స్కేలు పెట్టి కోసి, మీద అంటించండి. రెండు అడుగుల దూరం నుంచి కనపడదు.

ఫోటో మసకగా ఉంది. అసలు ఫైలు మీ దగ్గరుంటే ఇదే పద్ధతి. లేకపోతే వదిలేయండి.

రంగు వెలిసినట్టుంది. గ్రాఫులో రెండు గీతలు వేర్వేరుగా తెలుస్తుంటే చాలు.

పోస్టర్ సాగింది, గుండ్రం కోడిగుడ్డయింది. ఇది షాపు సరిచేయాల్సిన తప్పు. టేపుతో కొలిచి చూపించి మళ్లీ వేయమనండి.

ఇంకు చేతికి అంటుతోంది. చుట్టకండి. రాత్రంతా ఫ్యాన్ కింద పరచి ఉంచండి.

## 11. తీసుకెళ్లడం, తగిలించడం

షాపులో పోస్టర్‌ను దుప్పటిలా మడిచి కవర్లో పెట్టి ఇవ్వబోతారు. ముందే ఆపండి. మడత పడ్డ గీత మళ్లీ పోదు. బొమ్మ బయటికి వచ్చేలా, వదులుగా చుట్టమనండి. వినైల్ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టం షాపులో ఖాళీగా పడి ఉంటుంది, అడిగితే ఇస్తారు. పోస్టర్‌ను దాని మీద చుట్టి, పైన పాత పేపరు, ఆపైన పాలిథిన్ కవర్. నాలుగు చోట్ల టేపు వేయండి, పేపరు మీదే, పోస్టర్ మీద కాదు. గొట్టం మీద పేరు, ఫోన్ నంబరు రాయండి. రైల్లో బెర్త్ కింద కాకుండా గోడ వైపు, పక్కనే నిలబెట్టుకోండి. కింద పెడితే సూట్‌కేసులు నొక్కేస్తాయి.

సంచిలో ఉండాల్సినవి:

- పిన్నులు 12, రెండు వైపులా అంటుకునే టేపు, చిన్న కత్తెర
- పోస్టర్ ఏ4 ప్రింట్లు 20, అడిగినవాళ్లకు ఇవ్వడానికి
- పెన్‌డ్రైవ్, పొడి గుడ్డ

హాల్లో బోర్డు దగ్గరికి అరగంట ముందే చేరండి. పై రెండు మూలలు ముందు పెట్టి, నాలుగు అడుగులు వెనక్కి వచ్చి వంకర చూసుకుని, అప్పుడు కింది మూలలు పెట్టండి. ఎవరైనా వచ్చినప్పుడు గ్రాఫుకు అడ్డం రాకుండా పోస్టర్ ఎడమ పక్కన నిలబడండి. వాళ్లు శీర్షిక చదివి మీ వైపు తిరిగేదాకా మాట్లాడకండి.